కయాక్ కంటే ముందు లైఫ్ జాకెట్: ఒంగోలులో మూడు నెలలు వాడి చూసిన సామాను

మొన్న సంక్రాంతికి ముందు నేను, మా బావమరిది కలిసి గాలి నింపి వాడే రెండు సీట్ల కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) ఒకటి కొన్నాము. అంతకు మునుపు మా ఇద్దరిలో ఎవరమూ తెడ్డు పట్టినవాళ్లం కాము. పడవ, రెండు తెడ్లు, గాలి పంపు కలిపి 16,000 రూపాయలైంది. మార్చి చివరి వరకు దాదాపు ప్రతి ఆదివారం తెల్లవారుజామున కొత్తపట్నం వైపు వెళ్లి బకింగ్‌హాం కాలువలో నడిపాము. తక్కువ ఖర్చుతో మొదలుపెట్టాలనుకునేవారు దేనికి డబ్బు పెట్టాలో, దేనికి పెట్టనక్కర లేదో ఆ అనుభవంతో రాస్తున్నాను.

ముందు లైఫ్ జాకెట్ సంగతి చెబుతాను, ఎందుకంటే మేము పొరపాటు చేసింది అక్కడే. పడవ మీద ఖర్చు ఎక్కువైందని జాకెట్లు మాత్రం ఆన్‌లైన్‌లో ఒక్కొక్కటి 450 రూపాయల చొప్పున నారింజ రంగువి తెప్పించాము. మూడో ఆదివారం మా బావమరిది జాకెట్‌కు భుజం దగ్గర కుట్టు విడిపోయింది. ఆ సందులో వేలు పెట్టి చూస్తే లోపల ఉన్నది ఫోమ్ కాదు, టీవీ పెట్టెల్లో అడ్డుగా పెట్టే థర్మోకోల్. అది అప్పటికే నలిగి, తెల్లటి పూసలు ఒడిలోకి రాలుతున్నాయి. ఆ రోజు పడవను వెంటనే ఒడ్డుకు తీసుకొచ్చేశాము. 2017 నవంబరు 12న కృష్ణా నదిలో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పడవ బోల్తా పడినప్పుడు ప్రాణాలు పోగొట్టుకున్నవారిలో ఎక్కువమంది మా ఒంగోలువారే. కార్తీక మాసపు ఆదివారం సరదాగా వెళ్లిన మనుషులు వాళ్లు. ఆ ఊళ్లో ఉంటూ కూడా జాకెట్ దగ్గర పొదుపు చూసుకున్నందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

జాకెట్ కొనేటప్పుడు లేబుల్ మీద న్యూటన్ల సంఖ్య, అంటే మనిషిని నీటిపై తేల్చే బలం, ఎంత ఉందో చూడాలి. 50 న్యూటన్లది బాగా ఈత వచ్చి, ఒడ్డుకు దగ్గరగా తిరిగేవారి కోసం తయారైనది. చేతులు సులువుగా ఆడతాయి కాబట్టి తెడ్డు వేయడానికి హాయిగా ఉంటుంది. ఈత రానివారికి 100 న్యూటన్లది కావాలి. మెడ వెనక పట్టీలాంటి దిండు ఉండి, స్పృహ తప్పిన మనిషిని కూడా వెల్లకిలా తిప్పి ముఖాన్ని నీటి పైకి ఉంచేలా దాన్ని రూపొందిస్తారు. కొంచెం మందంగా, ఉక్కగా ఉంటుంది, అయినా మొదలుపెట్టేవారికి నేను దాన్నే సిఫారసు చేస్తాను. నొక్కి చూస్తే లోపల మెత్తటి ఫోమ్ పలకలు చేతికి తగలాలి, కరకరమనే చప్పుడు రాకూడదు. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ, ఒక ఈల తప్పనిసరి. రెండోసారి కొన్న జాకెట్లు ఒక్కొక్కటి 2,400 రూపాయలు పడ్డాయి.

ఇక పడవ. గట్టి ప్లాస్టిక్ కయాక్‌లు దృఢమైనవి, రాయి తగిలినా చెక్కుచెదరవు, కానీ వాటిలో చాలా వరకు 20 కిలోలకు పైగా తూగుతాయి, కారు పైకప్పు మీద కట్టుకొని వెళ్లాలి, ఇంట్లో పది అడుగుల చోటు చూపించాలి. అపార్టుమెంటులో ఉండేవారికి గాలి పడవే దారి. ఈ తరగతిలో చాలామందికి తెలిసిన ఇంటెక్స్ ఎక్స్‌ప్లోరర్ కె2 పొడవు 312 సెంటీమీటర్లు, వెడల్పు 91 సెంటీమీటర్లు, మోసే బరువు సుమారు 180 కిలోలు. మాది మరో కంపెనీది, కొలతల్లో దానికి దగ్గరగానే ఉంటుంది. ఇంత వెడల్పు ఉన్న పడవ కొత్తవారికి ఎంతో భరోసా ఇస్తుంది; ఇద్దరం కదిలినా, ఒక పక్కకు ఒరిగినా అది తొణకలేదు. వేగం మాత్రం ఆశించవద్దు. అడుగున వెనక వైపు తగిలించే చిన్న రెక్కను పెట్టకపోతే ప్రతి తెడ్డు వేటుకూ ముక్కు పక్కకు తిరిగిపోతుంది. పెడితే తిన్నగా పోతుంది గానీ, లోతు తక్కువ ఉన్నచోట బురదలో దిగబడుతుంది.

గాలి విషయంలో రెండు సంగతులు మాకు ఎవరూ చెప్పలేదు. ఒడ్డు మీద బిగువుగా నింపిన పడవ చల్లటి నీళ్లలో పెట్టగానే కాస్త మెత్తబడుతుంది. అది చిల్లు కాదు, లోపలి గాలి చల్లబడి కుంచించుకోవడమే. పంపుతో ఇంకో పది పోట్లు కొడితే సరిపోతుంది. ఎండలో దీనికి విరుద్ధంగా జరుగుతుంది. ఒక ఆదివారం పడవను గట్టు మీద వదిలి సర్వి చెట్ల నీడన పులిహోర తిని వచ్చేసరికి పక్క గొట్టాలు డప్పులా బిగిసి, వేలితో తడితే ఖంగుమన్నాయి. అతుకుల దగ్గర గీతలు సాగడం కంటికి కనిపించింది. వాల్వు తిప్పి గాలి కొంత వదిలాక గాని నా మనసు కుదుటపడలేదు. నీళ్లలోంచి తీయగానే కొంచెం గాలి తీసి నీడకు చేర్చడం అలవాటు చేసుకోవాలి.

కాలువ గట్టున గుల్లలు కత్తుల్లా ఉంటాయి. పడవను ఈడ్చకుండా ఇద్దరూ చెరో కొస పట్టి ఎత్తుకెళ్లాలి. మేము ఈడ్చిన ఒక్కసారికే అడుగున జానెడు గీత పడింది, అదృష్టవశాత్తు లోపలి పొర దాకా దిగలేదు. ఉప్పు నీళ్లలో వాడాక మంచి నీళ్లతో కడిగి, నీడన పూర్తిగా ఆరబెట్టి మడవాలి. అటక మీద పెట్టవద్దు, ఎలుకలు కొరుకుతాయి. మేము మూత ఉన్న ప్లాస్టిక్ డ్రమ్ములో పెడుతున్నాము.

పడవతో వచ్చిన అల్యూమినియం తెడ్లే ఈ సెట్టులో అన్నిటికంటే బలహీనమైనవి. వెడల్పు పడవకు పొట్టి తెడ్డు ఇస్తే వేళ్ల కణుపులు పక్క గొట్టానికి రాసుకుంటాయి. గంట గడిచేసరికి నాకు రెండు చేతులా చర్మం లేచింది. ఇలాంటి పడవకు 230 నుంచి 240 సెంటీమీటర్ల తెడ్డు కావాలి. కాడ మీద రెండు పక్కలా రబ్బరు గాజులు ఉండాలి, లేకపోతే తెడ్డు రెక్క నుంచి కారే నీళ్లన్నీ ఒడిలోకే వస్తాయి. ఖరీదైన కార్బన్ తెడ్లు మొదటి సంవత్సరం అవసరం లేదు.

ఇవి కాక నీరు చొరని 10 లీటర్ల సంచి ఒకటి, వెనక పట్టీ ఉన్న చెప్పులు, టోపీ, పొడవాటి నైలాను తాడు, తాగడానికి మనిషికి రెండు లీటర్ల నీళ్లు, అంతే. చేతి గ్లవ్స్, ప్రత్యేకమైన దుస్తులు కొనవద్దు.

గాలి పడవలు తేలికగా ఉండి నీటి పైన ఎత్తుగా తేలతాయి కాబట్టి గాలి వాటిని ఇట్టే నెట్టేస్తుంది. మొదటి రోజే గట్టున వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన మమ్మల్ని ఆపి, "పోయేటప్పుడు ఎదురుగాలికి పోండయ్యా, వచ్చేటప్పుడు అదే తోలుకొస్తది" అన్నారు. ఏ వీడియోలోనూ ఇంత ఉపయోగపడే మాట నాకు దొరకలేదు. పొద్దెక్కే కొద్దీ సముద్రపు గాలి లేస్తుంది, అందుకే మేము తొమ్మిదిన్నరకల్లా ఒడ్డుకు వచ్చేవాళ్లం. రొయ్యల గుంటలకు నీళ్లు తోడే మోటార్ల పైపుల దగ్గరకు, వలల మీదకు పోకూడదు. మల్లవరం దగ్గరి గుండ్లకమ్మ రిజర్వాయరు అందంగా ఉన్నా, అంత విశాలమైన నీళ్లు కొత్తవారికి తగవు. ఈ పడవతో సముద్రంలోకి అసలు వెళ్లవద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మనకు తుపాన్ల కాలం, అప్పుడు పడవ డ్రమ్ములోనే ఉండాలి.

వచ్చే జనవరికి మా పాప కూడా వస్తానంటున్నది. పోయిన వారం దాని కోసం ఒక దుకాణంలో జాకెట్ తొడిగి, పట్టీలన్నీ బిగించి, రెండు భుజాల దగ్గర పట్టుకొని పైకి లాగాను. జాకెట్ లేచి చెవుల దాకా వచ్చింది, గడ్డం లోపలికి దిగిపోయింది. నీళ్లలో పడినా అలాగే జరుగుతుంది. పిల్లల జాకెట్ వయసును బట్టి కాక బరువును బట్టి తీసుకోవాలి. మా పాప బరువు 22 కిలోలు; ఆ కొలతది ఆ దుకాణంలో లేదు, తెప్పిస్తామన్నారు. అది వచ్చి, ఇదే పరీక్షలో నిలిచిన తరువాతే పాపను పడవ ఎక్కిస్తాను.