ఉప్పల్ స్టేడియం పక్క బార్లలో మ్యాచ్: అరుపు ముందు, బంతి వెనక

ఉప్పల్‌లో ఐపీఎల్ ఉందంటే చాలు, రింగ్‌రోడ్డు నుంచి హబ్సిగూడ దాకా, ఇటు రామంతాపూర్, అటు నాగోల్ దాకా సగం బార్లు ఆ రోజుకి స్పోర్ట్స్ బార్లు అయిపోతాయి. గుమ్మం మీద ఫ్లెక్సీ, లోపల అద్దెకు తెచ్చిన ప్రొజెక్టర్, రెండు బీర్లకు ఒకటి ఉచితమనే ఆఫర్. వీటిలో నిజంగా మ్యాచ్ చూడదగ్గవి కొన్నే. అది ఎలా తేల్చుకోవాలో చెప్పడానికే ఈ రివ్యూ. ఏ ఒక్క బార్ పేరూ ఎత్తడం లేదు, ఎందుకంటే ఈ లోపాలు అన్నిచోట్లా అవే.

మొదటిది, అసలు సమస్య: ఆలస్యం. స్టేడియానికి అర కిలోమీటరు దూరంలో కూర్చుంటే జనం అరుపు ఒకటిన్నర సెకన్లలో చెవిన పడుతుంది. అదే బంతి డీటీహెచ్ డబ్బాలో ఐదు నుంచి పది సెకన్లు ఆలస్యంగా వస్తుంది. ఓటీటీలో అయితే అర నిమిషం దాకా వెనకబడొచ్చు. అంటే బౌలర్ ఇంకా రనప్ మొదలుపెట్టకముందే బయట "ఓ..." అని వినిపించేస్తుంది. రూఫ్‌టాప్ బార్లలో ఇది నేరుగా తగులుతుంది. గాలి బాగుంటుంది, ఫ్లడ్‌లైట్ల వెలుగూ కనిపిస్తుంది, కానీ ఆఖరి ఓవర్ ఉత్కంఠ మాత్రం మిగలదు. మ్యాచ్ కోసమే వెళ్లేవాళ్లు తలుపులు మూసిన ఏసీ హాలు అడగాలి. కబుర్ల కోసం వెళ్లేవాళ్లకు రూఫ్‌టాపే మేలు. ఇంకో చిక్కు: చెన్నై, బెంగళూరు జట్లు వచ్చిన రోజు అరుపును బట్టి లెక్క కట్టకూడదు. ధోనీ, కోహ్లీ కోసం అరిచేవాళ్లు ఉప్పల్‌లోనే సగం మంది ఉంటారు, సన్‌రైజర్స్ వికెట్ పడినా స్టేడియం దద్దరిల్లుతుంది.

ఆలస్యం సరే, ఒకే హాల్లో నాలుగు టీవీలు నాలుగు టైముల్లో నడవడం మాత్రం క్షమించరానిది. ఒక మూల సిక్స్ అని చప్పట్లు, ఇంకో మూల బౌలర్ చేతిలోనే బంతి. ఒక టీవీకి డీటీహెచ్, మరోదానికి మేనేజర్ ఫోన్ లాగిన్‌తో యాప్ పెడితే ఇలాగే అవుతుంది. సరైన పద్ధతి: ఒక సెట్‌టాప్ బాక్స్, దాన్నుంచి నాలుగో ఎనిమిదో దారుల హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ (ఒకే బొమ్మను చాలా టీవీలకు పంచే డబ్బా), అక్కణ్నుంచి అన్ని టీవీలకు. మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ పది పదిహేను మీటర్లు దాటితే బొమ్మ మినుకుమంటుంది. దూరపు టీవీలకు క్యాట్ 6 వైరుతో ఎక్స్‌టెండర్ కావాలి. లోపలికి అడుగుపెట్టగానే రెండు టీవీల్లో స్కోర్ పట్టీ ఒకేసారి మారుతుందో లేదో చూడండి. ఒక ఓవర్ చాలు, తెలిసిపోతుంది. మారకపోతే ఇంకో బార్ వెతుక్కోండి, లేదా అన్నిటికంటే ముందు నడుస్తున్న టీవీ కిందే కూర్చోండి.

బంతి తోకచుక్కలా సాగి కనిపిస్తే టీవీలో మోషన్ స్మూతింగ్ (కదలికను నున్నగా చూపించే సెట్టింగు) ఆన్‌లో ఉందన్నమాట. పిక్చర్ సెట్టింగుల్లో దాన్ని ఆపేయమనండి, వెయిటర్‌కు తెలియకపోతే రిమోట్ మీరే అడగండి. మధ్యాహ్నం మూడున్నర మ్యాచ్‌కి ప్రొజెక్టర్ పెట్టిన చోటికి అసలు వెళ్లొద్దు, చీకటి పడేదాకా తెర మీద బొమ్మ తెల్లగా వెలిసిపోయే ఉంటుంది.

ఇక స్టఫ్, అంటే మందులోకి తినేవి. టైమింగ్ తెలిస్తేనే వేడిగా తింటారు. రాత్రి మ్యాచ్ ఏడున్నరకు మొదలైతే తొలి ఇన్నింగ్స్ తొమ్మిదింబావు ప్రాంతంలో ముగుస్తుంది. అప్పుడే హాలంతా ఒకేసారి ఆర్డర్ ఇస్తుంది, వంటింట్లో కడాయిలు ఉన్నవి నాలుగే. ఆ బ్రేక్‌లో చెప్పిన చికెన్ 65 రెండో ఇన్నింగ్స్ పవర్‌ప్లే అయిపోయాక వస్తుంది. పదహారో ఓవర్లోనే చెప్పేయండి. స్ట్రాటజిక్ టైమౌట్ రెండున్నర నిమిషాలే కాబట్టి దాంట్లో బాత్రూమ్ పని తప్ప ఇంకేం జరగదు, అదీ క్యూ లేకపోతేనే. గ్రేవీ జోలికి పోకండి, చీకట్లో చొక్కా పాడు. అపోలో ఫిష్, పల్లీ మసాలా, క్రిస్పీ కార్న్ లాంటి పొడివే నయం. అపోలో ఫిష్ కూడా రాగానే తినేయాలి, పది నిమిషాలు ఆగితే పైపొర మెత్తబడి రబ్బరులా సాగుతుంది.

డ్రాట్ బీర్ పిచ్చర్ (పెద్ద జగ్గు) ఇద్దరికి వద్దు. లీటరున్నర ఇద్దరు తాగేసరికి గంట దాటుతుంది, అడుగున మిగిలింది చప్పబడిపోతుంది. 330 ఎంఎల్ పింట్లు ఒక్కోటి తెప్పించుకుంటే చివరి గుటక దాకా చల్లగా ఉంటుంది. నలుగురైతే పిచ్చర్ లెక్క కుదురుతుంది. 21 ఏళ్లు నిండనివాళ్లను వెంట తీసుకెళ్లొద్దు, చట్టం ప్రకారం పోయరు.

మ్యాచ్ రోజుల్లో "కవర్ చార్జి" అంటారు. అడగాల్సింది ఒకటే మాట: అది బిల్లులో తగ్గుతుందా, లేక వట్టి ప్రవేశ రుసుమా? టేబుల్ ఎన్ని గంటలవరకో కూడా అప్పుడే అడగండి. తొలి ఇన్నింగ్స్ కాగానే లేపేసి వేరేవాళ్లను కూర్చోబెట్టే చోట్లూ ఉన్నాయి. బిల్లు వచ్చాక, ఆహారం మీద ఐదు శాతం జీఎస్టీ న్యాయమే. మద్యం జీఎస్టీ కిందికి రాదు, దాని మీద కూడా జీఎస్టీ వేస్తే అడగండి. సర్వీస్ చార్జి ఇవ్వడం మీ ఇష్టం, తీసెయ్యమంటే తీసెయ్యాలి.

బండి తీసుకెళ్లకపోవడమే మంచిది. ఉప్పల్ వైపు డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలు మ్యాచ్ రాత్రి తప్పవు. మెట్రోలో స్టేడియం స్టేషన్ జనంతో కిక్కిరిసి ఉంటుంది, ఎన్‌జీఆర్‌ఐ లేదా హబ్సిగూడ దాకా నడిచి ఎక్కితే ఊపిరాడుతుంది. చివరి రైలు టైము ఆ రోజుకి పొడిగించారో లేదో ముందే చూసుకోండి. బార్ నుంచి నేరుగా గేటుకు వెళ్దామనుకునేవాళ్లకు మరో మాట: హెల్మెట్, బ్యాగు, పవర్ బ్యాంక్, నీళ్ల సీసా ఏదీ లోపలికి రానివ్వరు, తూలుతుంటే మనిషినీ ఆపేస్తారు.

బిల్లు రెండో ఇన్నింగ్స్ పదిహేడో ఓవర్లోనే తెప్పించుకోండి. మ్యాచ్ అయిపోగానే స్టేడియంలోని వేల ఫోన్లు ఒకేసారి నెట్‌వర్క్ మీద పడతాయి, యూపీఐ గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. జేబులో రెండు వేలు నగదు, లేదంటే కార్డు ఉంటే ఆ తిప్పలు లేవు.