ఎన్‌కర్సెస్‌ మౌస్ సపోర్ట్: క్లిక్ పట్టడం తేలికే, సర్దుబాట్లే అసలు పని

సీ భాషలో రాసిన టెర్మినల్ ప్రోగ్రామ్‌కి మౌస్ క్లిక్ తెలియాలంటే, టెర్మినల్‌లో మెనూలు, విండోలు గీసే లైబ్రరీ ఎన్‌కర్సెస్ మంచి దారి. మొదలుపెట్టడానికి పెద్ద తతంగం లేదు. ప్రత్యేక కీలను గుర్తించే కీప్యాడ్ ఆన్ చేయాలి, ఏ బటన్ ఈవెంట్లు కావాలో మౌస్‌మాస్క్ ఫంక్షన్‌కి చెప్పాలి, కీ_మౌస్ అనే కోడ్ ఇన్‌పుట్‌లో వచ్చినప్పుడల్లా వివరాల కోసం గెట్‌మౌస్‌ ఫంక్షన్‌ని పిలవాలి. కీప్యాడ్ మరిచిపోతే మాత్రం కీ_మౌస్ రానే రాదు. ఎస్కేప్‌తో మొదలయ్యే అక్షరాలు ఒక్కొక్కటిగా ఇన్‌పుట్‌లో పడుతుంటాయి.

ఆ అక్షరాలేమిటో తెలిస్తే సగం తిప్పలు తప్పుతాయి. 10వ కాలమ్, 5వ వరుసలో ఎడమ బటన్ నొక్కితే 1006 అనే కొత్త మౌస్ మోడ్‌లో టెర్మినల్ ఎస్కేప్, ఆ వెంటనే [<0;10;5, చివర పెద్ద ఎం పంపుతుంది. వదిలితే అవే అక్షరాలు, చివర మాత్రం చిన్న ఎం (m) వస్తుంది. గెట్‌మౌస్ లెక్క సున్నా నుంచి కాబట్టి మీ చేతికొచ్చేవి 9, 4. పాత పద్ధతిలో ఒక్కో అంకెకు 32 కలిపి ఒకే బైట్‌లో పంపేవారు. అందుకే 223వ కాలమ్ దాటితే అది పనికిరాదు, ఏ బటన్ వదిలారో కూడా చెప్పదు. వెడల్పు స్క్రీన్‌లో కుడి చివర క్లిక్‌లు పోతుంటే టెర్మినల్ వివరాలు చూపే ఇన్ఫోకంప్ కమాండ్‌తో కేమౌస్ విలువ చూడండి. అందులో [< లేకపోతే మీరింకా పాత పద్ధతిలోనే ఉన్నట్టు.

ఇందులో అస్సలు నచ్చనిది డిఫాల్ట్ ఆలస్యం. నొక్కడం, వదలడం కలిపి ఒక క్లిక్‌గా గుర్తించడానికి లైబ్రరీ సెకనులో ఆరో వంతు ఆగుతుంది. మెనూలో ఆ జాప్యం చేతికి తెలిసిపోతుంది. మౌస్‌ఇంటర్వల్ ఫంక్షన్‌కి 0 ఇస్తే పోతుంది. అయితే ఆ తర్వాత క్లిక్డ్ ఈవెంట్లు రావు, ప్రెస్డ్, రిలీజ్డ్ మాత్రమే వస్తాయి. మౌస్‌మాస్క్‌లో ఆ రెండూ పెట్టకుండా ఈ ఆలస్యాన్ని సున్నా చేస్తే మౌస్ చచ్చిపోయిందనిపిస్తుంది.

చక్రం తిప్పితే 4, 5 బటన్లుగా అందుతుంది. 5వ బటన్‌కి ఎన్‌కర్సెస్ 6 వాడండి. విండోలు ఎక్కువైతే డబ్ల్యూమౌస్_ట్రాఫో ఫంక్షన్‌తో స్క్రీన్ మీది వరుస, కాలమ్ లెక్కని విండోలోని లెక్కలోకి మార్చుకోవాలి.

ప్రోగ్రామ్ ముగింపులో పిలిచే ఎండ్‌విన్ ఫంక్షన్ మౌస్‌ని ఆపేస్తుంది. కంట్రోల్-సీ కొట్టినా లైబ్రరీ సర్దుకుంటుంది. సెగ్‌ఫాల్ట్ (మెమరీ తప్పు)తో కూలితే మాత్రం మౌస్ మోడ్ అలాగే ఉండిపోయి, షెల్‌లో క్లిక్ చేసిన ప్రతిసారీ అంకెలు కురుస్తాయి. రీసెట్ కమాండ్ కొడితే సరిపోతుంది.

మౌస్ ఆన్ చేయగానే వాడేవాళ్లు అలవాటుగా లాగి టెక్స్ట్ కాపీ చేసుకునే సౌకర్యం పోతుంది. చాలా టెర్మినళ్లలో షిఫ్ట్ పట్టుకుని లాగితే మళ్లీ దొరుకుతుంది. ఆ మాట మీ హెల్ప్ స్క్రీన్‌లో మొదటి వరుసలోనే రాయండి, మౌస్‌ని పూర్తిగా ఆపేసే ఆప్షన్ కూడా ఒకటి ఇవ్వండి.