పన్ను కాగితాలకు లివర్ ఫైలు: ఏది కొనాలి, ఏది వద్దు

నెల్లూరు ట్రంకురోడ్డులో అయినా, ఒంగోల్లో అయినా స్టేషనరీ షాపుకెళ్తే అట్ట బాక్సు ఫైళ్లు వరసగా పేర్చి కనబడతాయి. లోపల ఇనప లివర్, అది ఎత్తితే తెరుచుకునే రెండు కమ్మీలు, కాగితాలను నొక్కిపట్టే పట్టీ. పన్ను కాగితాలు ఇంట్లో దాచుకోవడానికి ఇంతకన్నా పనికొచ్చే వస్తువు లేదు. అయితే చూసి కొనకపోతే రెండో వానాకాలానికే లివర్ ఊడి చేతికొస్తుంది.

ముందు సైజు. ఏ4 వద్దు, ఎఫ్‌సీ (ఫుల్‌స్కేప్) సైజు అడగండి. దస్తావేజుల జిరాక్సులు ఏ4 కన్నా పొడుగు. చిన్న ఫైల్లో అడుగున మడతపడి, ఆ మడత దగ్గరే చిరుగుతాయి. తర్వాత లివర్ వేసి, కమ్మీల మొనలు కలిసే చోట గోరుతో గీయండి. గోరు తట్టుకుంటే అక్కడ సందు ఉన్నట్టే. రేపు ఆ సందులోంచే కాగితాలు చిల్లు చిరిగి జారిపోతాయి. అట్టకు బిగించిన రివెట్లు కదలకూడదు. మైపాడు, కొత్తపట్నం లాంటి ఊళ్లలో ఉప్పుగాలికి లివర్ తుప్పు పట్టి కాగితాలకు మరక దిగుతుంది. మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి మందపాటి అట్ట వేస్తే సరిపోతుంది. ఫైల్లో కాగితాలు మరీ కుక్కకండి. ఎక్కువైతే కమ్మీలు పూర్తిగా మూసుకోవు.

ఫైలుతోపాటు షాపువాళ్లు ప్లాస్టిక్ కవర్లు కూడా అంటగడతారు. అవి ఫారం-16 (జీతంలో కోసిన పన్ను చూపే పత్రం) లాంటి మామూలు ప్రింటుకు పర్వాలేదు. క్యాష్ డిపాజిట్ మిషన్ స్లిప్పులు, కార్డు స్లిప్పులు మాత్రం వాటిలో పెట్టొద్దు. అవి థర్మల్ కాగితం. అక్షరాలు సిరా కాదు, వేడికి రంగు మారే పూత. మెత్తటి పీవీసీ కవరులోని రసాయనం, సెల్లోటేపు జిగురు, చేతి నూనె, ఎండ, ఇవన్నీ ఆ రంగును చంపేస్తాయి. లామినేషన్ చేయిస్తే ఆ వేడికి స్లిప్పు మొత్తం నల్లబడుతుంది. తీసుకున్న రోజే జిరాక్స్ తీయించి, ఆ జిరాక్సునే ఫైల్లో పెట్టాలి. రొయ్యల మేత బిల్లుల కార్బన్ కాపీలకూ ఇదే పద్ధతి మేలు.

ఫైళ్లు రెండు కొనండి. ఒకటి సంవత్సరాల ఫైలు: ఏడాదికో రంగు అట్ట, దాని కింద రిటర్ను రసీదు, ఫారం-16, 16ఏ (వడ్డీ లాంటి వాటిలో కోసిన పన్ను పత్రం), 26ఏఎస్ (మీ పేర జమైన పన్ను పట్టీ), ఏఐఎస్ (పన్ను శాఖ దగ్గరున్న మీ ఏడాది లావాదేవీల పట్టీ), బ్యాంకు స్టేట్‌మెంటు, చలాన్లు. పాస్‌బుక్కును నమ్ముకోవద్దు. చాలాకాలం ఎంట్రీలు వేయించకపోతే కొన్ని బ్యాంకుల్లో వాటన్నిటినీ కలిపి ఒక్క వరసలో ముద్రిస్తారు. ఖాతా మూసేసే ముందే స్టేట్‌మెంటు తీసుకోండి, తర్వాత ఆన్‌లైన్‌లో దొరకదు.

రెండోది శాశ్వత ఫైలు. అందరూ నష్టపోయేది ఇక్కడే. పాతవని ఏడేళ్లకోసారి కాగితాలు పారేసేటప్పుడు ఇల్లు కట్టిన బిల్లులు కూడా పోతాయి. స్థలం, ఇల్లు, బంగారం, షేర్ల విషయంలో కాగితాలు దాచే గడువు కొన్ననాటి నుంచి కాదు, అమ్మిన ఏడాది నుంచి లెక్క. పై అంతస్తు వేసిన ఖర్చు ఇల్లు అమ్మిన లాభంలోంచి తగ్గించుకోవచ్చు, వెల్ల వేయించిన ఖర్చు తగ్గదు. కాబట్టి స్లాబు, సిమెంటు, కమ్మీల బిల్లులు దాచండి. 2001కి ముందు వచ్చిన ఆస్తి అయితే లాభం లెక్కకు పనికొచ్చే 2001 ఏప్రిల్ 1 నాటి విలువ పత్రం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో తీసుకుని ఇందులోనే పెట్టండి. అసలు దస్తావేజుకు మాత్రం చిల్లు వేయొద్దు, జిరాక్సు చాలు.

ఎన్నేళ్లు దాచాలి? 1961 ఆదాయపు పన్ను చట్టం కింద 6ఎఫ్ నియమం డాక్టర్లు, లాయర్ల లాంటి వృత్తులవారికి అసెస్‌మెంటు సంవత్సరం (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతి ఏడాది) ముగిశాక ఆరేళ్లు చెప్పింది. అదే చట్టంలో 2024 సెప్టెంబరు నుంచి పాత రిటర్ను తిరగదోడే గడువు, అసెస్‌మెంటు సంవత్సరం ముగిశాక మామూలుగా మూడేళ్ల మూడు నెలలు. దాగిన ఆదాయం 50 లక్షలు, అంతకు మించితే ఐదేళ్ల మూడు నెలలు. అందరూ పెద్ద లెక్కనే పట్టుకుంటే మంచిది: 2024-25 కాగితాలు 2032 మార్చి దాకా ఫైల్లోనే.

పన్ను శాఖ పోర్టల్లో ఏఐఎస్ ఉందిగా, ఈ కట్టలెందుకు అంటారు. ఏఐఎస్‌లో కనబడేది ఎక్కువగా మీ చేతికొచ్చిన డబ్బు. చెరువుకు వేసిన మేత, ఇంటికి పోసిన సిమెంటు అందులో ఉండవు. ఏడాదిలో పొదుపు ఖాతాలో పది లక్షలు, ఆపైన నగదు పడితే బ్యాంకు ఆ సంగతి పన్ను శాఖకు పంపుతుంది. అది వరి అమ్మిన డబ్బే అయినా, పంట ఆదాయానికి పన్ను లేకపోయినా, అడిగినప్పుడు అమ్మకపు చీటీ, పొలం రికార్డులైన అడంగల్, 1బీ చూపాల్సింది మీరే. పొగాకు రైతులైతే కందుకూరు, టంగుటూరు వేలం కేంద్రాలిచ్చే బిల్లులన్నీ తేదీల వరసలో గుచ్చుకోవాలి.

దించుకున్న ఏఐఎస్ పీడీఎఫ్ తెరవడానికి పాన్ చిన్న అక్షరాల్లో, వెంటనే పుట్టిన తేదీ ఎనిమిది అంకెల్లో కొట్టాలి. ఈ సంగతి ఫైలు లోపలి అట్ట మీద రాసి ఉంచండి, ఇంట్లోవాళ్లకు పనికొస్తుంది.

ఈ ఫైలుకున్న అసలు లోపం నీళ్లు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు, కోవూరు వైపు ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. అట్ట ఒక్కసారి తడిస్తే ఉబ్బి రివెట్లు వదిలేస్తుంది. బీరువాలో కింది అర వద్దు, పై అరలో నిలబెట్టండి. అక్టోబరు వానలకు ముందే ప్రతి కాగితాన్నీ ఫోనుతో స్కాన్ చేసి, ఏడాది పేరుతో ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి వేరే ఇంట్లో ఉంచండి.