బొగ్గు వేడా, భూమి వేడా?

మిర్యాలగూడ దాటి దామరచర్ల వైపు వెళ్తుంటే యాదాద్రి థర్మల్ ప్లాంట్ చిమ్నీలు దూరం నుంచే కనిపిస్తాయి. 800 మెగావాట్ల యూనిట్లు ఐదు. బొగ్గేమో రైల్లో రావాలి, కాలాక బూడిద మిగులుతుంది, దాన్ని ఎక్కడో పోయాలి.

భూగర్భ వేడితో కరెంటు తీస్తే ఈ గోల లేదు. మణుగూరు దగ్గర పగిడేరులో సింగరేణి పెట్టిన ప్లాంటే చూడండి: బోరులోంచి ఉబికే వేడినీళ్లు, తక్కువ వేడికే మరిగే ఒక ద్రవాన్ని ఆవిరి చేస్తాయి, ఆ ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది. పొగ ఉండదు, రాత్రయినా ఆగదు. సోలార్‌కు ఆ సుఖం లేదు కదా! కాకపోతే దాని సామర్థ్యం 20 కిలోవాట్లే. పొలంలో 5 హెచ్‌పీ మోటార్లు నాలుగైదు నడుస్తాయి, అంతే.

మన నల్లగొండలో బోరేస్తే తగిలేది గ్రానైట్, చాలా ఊళ్లలో వచ్చేది ఫ్లోరైడ్ నీళ్లు. నన్నడిగితే, పగిడేరు ఉన్న గోదావరి లోయలోనే ఇలాంటి ప్లాంటు పెద్దది కట్టి కరెంటు ఇటు తెచ్చుకోవాలి. అప్పటిదాకా మన మోటారు బొగ్గు మీదే.