ఏఐ అసిస్టెంట్ పెడతామని వచ్చేవారితో జాగ్రత్త: మిర్యాలగూడ నుంచి తోటి వ్యాపారులకు హెచ్చరిక

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని మిల్లర్లు, హోల్‌సేల్ వ్యాపారులు, ఎరువుల దుకాణాల వారు దయచేసి ఇది చివరిదాకా చదవండి. "మీ దుకాణానికి ఏఐ అసిస్టెంట్ పెడతాం, గుమాస్తాల పని సగం తగ్గుతుంది" అంటూ హైదరాబాద్‌కు చెందిన ఒక సంస్థ మనుషులు మిర్యాలగూడలో దుకాణం దుకాణానికీ తిరిగారు. ఇప్పుడు దేవరకొండ, జడ్చర్ల వైపు వెళ్తున్నారని మా పార్టీలు, అంటే మా దగ్గర సరుకు కొనేవారు, చెబుతున్నారు. వ్యవహారం ఇంకా తేలలేదు కాబట్టి సంస్థ పేరు రాయడం లేదు. వాళ్ల పద్ధతి మాత్రం పూర్తిగా రాస్తున్నాను. రేపు పేరు మార్చుకుని వచ్చినా పద్ధతిని బట్టి గుర్తుపట్టవచ్చు.

మాది బియ్యం హోల్‌సేల్ వ్యాపారం. ఇక్కడి మిల్లుల్లో సరుకు ఎత్తి హైదరాబాద్‌లోని కిరాణా దుకాణాలకు, హోటళ్లకు, హాస్టళ్లకు పంపుతాం. ఆర్డర్లు ఎక్కువగా వాట్సాప్‌లోనే వస్తాయి. పొద్దున లేచింది మొదలు రేటు ఎంత, లారీ ఎక్కడుంది, మా బాకీ ఎంత తేలింది అన్న ప్రశ్నలే. వీటిలో కొన్నింటికైనా యంత్రం జవాబిస్తే గుమాస్తాలకు ఊపిరి సలుపుతుంది. ఆ అవసరం నిజమైనదే, ఇప్పటికీ ఉంది. ఏఐ వద్దని నేను అనడం లేదు. దాన్ని మనలాంటి చిన్న వ్యాపారులకు అంటగడుతున్న తీరు గురించే నా బాధంతా.

డెమోలో అంతా సజావుగా నడిచింది. నడవక ఏం చేస్తుంది? ప్రశ్నలు వాళ్లవే, జవాబులున్న పట్టిక కూడా వాళ్లు తయారుచేసి తెచ్చిందే. ఏడాది చందా 36,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో కలిపి 42,480, మొత్తం ముందే కట్టాలన్నారు. నెలాఖరు దాటితే ధర పెరుగుతుందన్నారు. పక్క మిల్లువాళ్లు ఇప్పటికే తీసుకున్నారని కూడా చెప్పారు. ఆ మిల్లువాళ్లకు ఈ సంస్థ పేరే తెలియదని తర్వాత బయటపడింది.

మేము డబ్బు కట్టి పెట్టించుకున్నాం. పని మొదలయ్యాక పార్టీలతో ఆ అసిస్టెంట్ మాట్లాడిన మాటలు చూడండి. ఒక హాస్టల్ యజమాని పాత బియ్యం ఉన్నాయా అని అడిగారు. "మేము పాత బియ్యం అమ్మము, తాజా బియ్యం మాత్రమే అమ్ముతాము" అని జవాబు వెళ్లింది. ఏడాది నిల్వ ఉన్న బియ్యానికి ఎక్కువ రేటు పలుకుతుందని మన దగ్గర చిన్న పిల్లలకు కూడా తెలుసు. ఇంకొకరు 26 కిలోల బస్తాకు జీఎస్టీ ఉంటుందా అని అడిగితే 5 శాతం ఉంటుందని చెప్పింది. 2022 జూలై 18 నుంచి లేబుల్ వేసి ముందే ప్యాక్ చేసిన బియ్యంపై 5 శాతం పన్ను పడుతున్నది 25 కిలోల వరకే. 26 కిలోల బస్తా మార్కెట్లోకి వచ్చిందే అందువల్ల. మేము లేని పన్ను వసూలు చేస్తున్నామని ఆ పార్టీ అనుకున్నారు. ఏళ్ల తరబడి మా దగ్గరే సరుకు తీసుకుంటున్న మనిషి ఫోన్ చేసి "ఇదేమిటన్నా, మీరు కూడా ఇలా చేస్తారా" అని అడిగినప్పుడు నాకు కలిగిన బాధ ఇంతా అంతా కాదు.

రేట్ల సంగతి మరీ ఘోరం. మన రేటు రోజుకోలా ఉంటుంది, ఒక్కోసారి మధ్యాహ్నానికే మారుతుంది. వాళ్లు మాత్రం మొదటి రోజు తీసుకున్న రేట్ల కాగితాన్నే ఎక్కించి వదిలేశారు. ఒక హోటల్‌కు క్వింటాకు రెండు వందలు తక్కువ చెప్పి ఆర్డర్ ఖాయం చేసింది. మాట పోకూడదని ఆ రేటుకే సరుకు పంపాం. "అది యంత్రం చెప్పింది, మేము చెప్పలేదు" అని తప్పించుకోవడం కుదరదు. కెనడాలో ఎయిర్ కెనడా చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి టికెట్ రాయితీ గురించి తప్పు చెబితే, ఆ మాటకు సంస్థే బాధ్యత వహించాలని అక్కడి ట్రిబ్యునల్ 2024 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. అంత పెద్ద విమాన సంస్థ వాదనే నిలవలేదు. పార్టీ ముందు మన వాదన ఎలా నిలుస్తుంది?

మన పార్టీలు తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తారు, సగం మంది అసలు రాయరు, వాయిస్ మెసేజ్ పెడతారు. వాయిస్ మెసేజ్‌లకు ఈ అసిస్టెంట్ నుంచి ఒక్క జవాబూ లేదు. డెమోలో ఆ ఊసే ఎత్తలేదు.

అన్నింటికన్నా పెద్ద దెబ్బ ఫోన్ నంబరు విషయంలో తగిలింది. దుకాణం బోర్డు మీద, బిల్లు పుస్తకాల మీద ఉన్న నంబరునే వాళ్లు తమ ఖాతాలోకి, మనిషి బదులు సాఫ్ట్‌వేర్ మెసేజ్‌లు నడిపే వాట్సాప్ ఏపీఐ అనే పద్ధతిలోకి మార్చారు. దాంతో మా ఫోన్‌లో వాట్సాప్ బిజినెస్ యాప్ ఆగిపోయింది, పాత సంభాషణలు పోయాయి. ఒకే నంబరు మీద యాప్, ఏపీఐ రెండూ నడిచే వీలు ఇప్పుడు ఉంది. ఆ సంగతి మాకు చెప్పలేదు. డబ్బు వెనక్కి ఇవ్వమని అడిగిన రోజు నుంచి వాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. సిమ్ మా చేతిలోనే ఉంది, రెండంచెల ధ్రువీకరణ పిన్ వాళ్ల చేతిలో ఉంది. ఆ పిన్ తీసేస్తే తప్ప నంబరును ఇంకొక సంస్థ ఖాతాకు మార్చుకోలేం. కాబట్టి ఎవరు వచ్చినా దుకాణం అసలు నంబరు ఇవ్వకండి. వేరే సిమ్ కొని దానితో ప్రయత్నించండి. ఖాతా మీ పేరు మీద, మీ మెయిల్‌తో తెరవాలి. పిన్ మీరే పెట్టుకోవాలి.

లెక్కల విషయంలోనూ గట్టిగా ఉండండి. బాకీలు చెప్పాలంటే మన లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ బ్యాకప్ మొత్తం కావాలని అడిగారు. అందులో ప్రతి పార్టీ పేరు, ఫోన్ నంబరు, బాకీ, కొనుగోలు రేటు అన్నీ ఉంటాయి. మన కొనుగోలు రేటు ఎదుటి వ్యాపారికి తెలిస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. మేము కొన్ని పార్టీల లెక్కలే ఇచ్చాం. వాటిని వాళ్లు ఉంచిన ఆన్‌లైన్ ఫోల్డర్ లింకును మా అబ్బాయి తన స్నేహితుడి ఫోన్‌లో తెరిస్తే పాస్‌వర్డ్ అడగకుండానే తెరుచుకుంది! ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటి ఏఐ యాప్‌లు వాడవద్దని కేంద్ర ఆర్థిక శాఖే 2025 జనవరిలో తన ఉద్యోగులకు చెప్పింది, ప్రభుత్వ సమాచారం బయటకు పోతుందని. వ్యక్తుల సమాచార రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది. పార్టీలు మనల్ని నమ్మి ఇచ్చిన నంబర్లు అవి. జీఎస్టీ పోర్టల్ పాస్‌వర్డ్, ఓటీపీ అడిగితే మాత్రం ఇక మాటలు అనవసరం, బయటకు పంపించేయండి.

డబ్బు కట్టేముందు బిల్లు మీది జీఎస్టీ నంబరును పోర్టల్‌లో వెతికి చూడండి. పదిహేను అక్షరాలుంటాయి, తెలంగాణలో నమోదైతే 36తో మొదలవుతుంది. అక్కడ కనిపించే పేరు, బిల్లు మీది పేరు, బ్యాంకు ఖాతా పేరు మూడూ ఒకటే కావాలి. మాకు ఇచ్చిన బిల్లులో సంస్థ పేరు ఉంది, డబ్బు వెళ్లింది ఒక వ్యక్తి ఖాతాకు. వినియోగదారుల ఫోరం ఉంది కదా అని ధైర్యంగా ఉండకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వ్యాపార అవసరానికి కొన్నవారు వినియోగదారుల కిందికి రారు. సొంతంగా నడుపుకునే చిన్న దుకాణం, జీవనోపాధి కోసమే కొన్నాం అని చూపగలిగితేనే మినహాయింపు. అందుకే రాతపూర్వక ఒప్పందం ముఖ్యం. నెల నెలా చెల్లింపు, ఎప్పుడైనా మానుకునే హక్కు, మానుకున్నాక మన సమాచారం తుడిచేసి నంబరు వదిలేస్తామన్న మాట అందులో ఉండాలి. నేరుగా డబ్బు కాజేసిన మోసమైతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

నిజంగా ఏఐ అసిస్టెంట్ పెట్టాలనుకునేవారు ముందు తమ లెక్కలు, పార్టీల ప్రశ్నలు సిద్ధం చేసుకోండి. మేము ఇప్పుడు అదే చేస్తున్నాం. మా లెక్కల్లో ఒకే పార్టీ మూడు రకాల స్పెల్లింగులతో ఉంది. అలాంటి లెక్కలు చూసి ఏ యంత్రమైనా బాకీ సరిగ్గా ఎలా చెబుతుంది? మా గుమాస్తా పార్టీలు అడిగే ప్రశ్నలన్నీ వాళ్ల మాటల్లోనే నోటుబుక్కులో రాస్తున్నాడు. దుకాణం వేళలు, ఉన్న రకాలు, లారీ బయలుదేరిందా లేదా అన్నవి యంత్రానికి వదలవచ్చు. రేటు, బాకీ, పన్ను మనిషే చెప్పాలి. అమ్మేవాడు వస్తే ఆ నోటుబుక్కు ముందు పెట్టి, మన వాయిస్ మెసేజ్‌లు వినిపించి, జవాబులు మన ఎదుటే చూపించమనాలి. గుమాస్తాలను కూడా పక్కన కూర్చోబెట్టండి. తప్పు జవాబును ముందుగా పసిగట్టేది వాళ్లే.

మా పాత నంబరు ఇంకా వాళ్ల దగ్గరే ఉంది. మాతో వ్యాపారం చేసే పార్టీలందరికీ మనవి: ఆ నంబరు వాట్సాప్ నుంచి రేట్లు గానీ, డబ్బు పంపమని ఖాతా వివరాలు గానీ వస్తే నమ్మకండి. దుకాణం ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేసి మా గొంతు విన్నాకే డబ్బు వేయండి.