విశాఖ ఎంవీపీ కాలనీ ఏసీ షాపు: సరుకు బాగుంది, బిగింపు దగ్గరే తిప్పలు

మా అపార్ట్‌మెంట్‌లో ఒకప్పుడు ఏసీ ఉన్న ఇల్లు వెతుక్కోవాల్సి వచ్చేది. ఇప్పుడు ప్రతి బాల్కనీ ఎదురింటి మీదకు వేడిగాలి ఊదుతోంది. మేమూ ఆ వరసలో చేరి, ఈ షాపులో ఒకటిన్నర టన్ను ఫైవ్ స్టార్ ఇన్వర్టర్ ఏసీ తీసుకున్నాం.

కౌంటర్‌లో కుర్రాడికి పని తెలుసు. బీచ్ దగ్గర ఇంటి నుంచి విప్పిన పాత అల్యూమినియం కాయిల్ తెచ్చి గోటితో గీకాడు, తెల్లటి పొడి రాలింది. ఉప్పుగాలి మహిమ! రాగి కాయిల్, పైన నీలం పూత ఉన్నదే తీసుకోమన్నాడు. లోపల చల్లబరిచే గ్యాస్ ఆర్-32. లీకైతే వందేళ్ల లెక్కన అంతే బరువు కార్బన్ డయాక్సైడ్ కంటే 675 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. అంతకు ముందు తరం ఏసీల్లోని ఆర్-410ఏ అయితే 2,088 రెట్లు. నయమే గానీ, 140 కోట్లు దాటిన జనాభాలో చేతిలో నాలుగు డబ్బులు ఆడినవాళ్లంతా కొంటే ఆ నయం ఎంతని ఆదుకుంటుంది? కరెంటు చూస్తే చాలావరకు బొగ్గుదే, మన పరవాడ దగ్గర సింహాద్రి విద్యుత్ కేంద్రంలో కాల్చేదీ అదే. అలాగని మే నెల ఉక్కలో మా అత్తయ్యగారిని ఫ్యాన్ కింద సర్దుకోమనలేను కదా. 24 డిగ్రీల మీద పెడితే ఆవిడకు దుప్పటి కావాల్సొస్తోంది, అది వేరే సంగతి.

బిగించడానికి మాత్రం రేపు, ఎల్లుండి అంటూ తిప్పించారు. వచ్చాక స్టాండ్‌కీ, అదనపు పైపుకీ వేరే డబ్బులన్నారు. ముందే బిల్లులో రాస్తే ఏం పోయేది?

ఐదుకి మూడున్నర. వెళ్లేవాళ్లు స్టాండ్ ఖర్చు కలిపి రాయించుకోండి.