ఐదు లీటర్ల క్యాన్, వాషర్ గోస
లేహ్ పోదామని హన్మకొండల ఒక షాపుల ఐదు లీటర్ల పెట్రోల్ క్యాన్ కొన్న, స్టాండుతో 2,400. నా హిమాలయన్ 411 బైకు ట్యాంకు 15 లీటర్లు. మనాలీ నుంచి లేహ్ పోయే రోడ్డు మీద తాండీ పెట్రోల్ బంకు దాటితే 365 కిలోమీటర్ల దాకా ఇంకోటి లేదని అక్కడ పెట్టిన బోర్డు మస్తు ఫేమస్. ట్యాంకు సరిపోతదేమో గానీ ఘాట్ల మైలేజీని నేనైతే నమ్మ.

ముందుగాల ఏటూరునాగారం దాకా పోయి చూసిన. ములుగు దాటంగనే మోకాలు కాడ జీన్స్ తడి, గుప్పున వాసన. మూత కింద రబ్బరు వాషర్ కాయితం లెక్క ఉంది. షాపాయన "అంచు దాకా పోస్తే గంతే అన్నా" అన్నడు. ఎండకు పెట్రోలు ఉబ్బుతది, నిజమే. కానీ నేను పోసింది నాలుగే! మెకానిక్ కాడ 20 రూపాయల మందం వాషర్ ఏయించిన. మళ్ల చుక్క కారలే. స్టాండు మాత్రం గట్టిది, గుంతలల్ల కూడ కదల్లే.